రెండు చెంబుల తేడా

మంచెలూరు, ఏడో వరుస, పన్నెండో ఇల్లు.
నీళ్ళ పుస్తకం, తొమ్మిదో సంపుటం.
రాస్తున్నది: వరహాలమ్మ, విశ్రాంత లెక్కల టీచరు.

ఏడు 41, రోజు 96

నీళ్ళు వచ్చిన వేళ ఉదయం 5:40. పది నిమిషాలు ఆలస్యం. పన్నెండు చెంబులు, మనిషికి నాలుగు చొప్పున. మా అమ్మాయి హైమకు నాలుగు, మనవరాలు మేఖలకు నాలుగు, నాకు నాలుగు. నా వాటాలోంచి రెండు మళ్ళీ మేఖలకు. దానికి పదమూడేళ్ళు, ఎదిగే ఒళ్ళు. నాకు డెబ్భై ఒకటి, ఇక ఎదగాల్సింది ఏమీ లేదు. మేఖల తండ్రి సముద్రంలోనే ఇంకో మంచె మీద వేరే సంసారంలో ఉన్నాడు. ఈ పుస్తకంలో అతని వాటా లేదు.

కొత్త సంపుటం కాబట్టి నియమాలు మళ్ళీ రాస్తున్నాను. ఒకటి, కంటితో చూసిందే రాయాలి, ఒకరు చెప్పింది రాయకూడదు. రెండు, కొట్టేసినా కింద అంకె కనబడాలి. మూడు, కాగితం చించకూడదు.

ఆవిరినీళ్ళు రాత్రంతా రాగి బిందెలో ఉంచాను. సముద్రాన్ని కాచి దించిన నీళ్ళలో సారం ఉండదు, రాగి తగిలితేనే వాటికి ప్రాణం వస్తుందని ఇక్కడ అందరి నమ్మకం. జ్వరాల ఏడాది తర్వాత మంచెల కచేరీ దాన్ని చట్టం కూడా చేసింది. గొట్టాలు, తొట్లు, బిందెలు, చెంబులు, గ్లాసులు అన్నీ రాగివే. శుక్రవారం చింతపండుతో తోముతాం. శనివారం కచేరీ మనిషి వచ్చి మెరుపు చూసి సంతకం పెడతాడు. తొమ్మిదేళ్ళలో మా ఇంటికి ఒక్కసారి కూడా 'మసక' అని రాయలేదు.

పెరటి వసారాలో కరివేపాకు మొక్క ఆకులు పసుపుబారాయి. ఇది మూడోది. రోజుకు అర గ్లాసు నీళ్ళు నేనే పోస్తున్నాను. ఎండ తగులుతోంది. కారణం తెలియలేదు.

మేఖల చూచిరాత: పదికి నాలుగు. అక్షరాలు గీత మీద నిలబడలేదు. ఎర్రసిరాతో 'అశ్రద్ధ' అని రాసి, ఇరవైసార్లు తిరగరాయించాను. ఏడ్చింది. అది కూడా చూశాను కాబట్టి రాస్తున్నాను.

రోజు 101

నీళ్ళు 5:30. పన్నెండు చెంబులు. మధ్యాహ్నం మేఖల గ్లాసు జారవిడిచింది. నష్టం అర గ్లాసు.

"అమ్మా, దాని చెయ్యి చూశావా?" అంది హైమ. ఆవిరి బట్టీలో పగటి పని చేసి వచ్చి అప్పుడే కూర్చుంది. "గ్లాసు పట్టుకుంటే వణుకుతోంది."

"ఒలికింది అర గ్లాసు. రాశాను."

"నీళ్ళ సంగతి కాదు నేను అడిగేది. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. నిన్న అన్నం తింటూ తింటూ నోట్లోంచి కారింది. పదమూడేళ్ళ పిల్ల."

"నిద్ర చాలడం లేదు. ఒళ్ళు వంచడం లేదు."

"నువ్వేమో మార్కులు వేస్తున్నావు. ఎవరికైనా చూపించాలి కదా."

ఎవరికి చూపిస్తాం అన్నాను. కవచం, అంటే వైద్యహామీ పత్రం, లేనివాళ్ళని వైద్యనౌక మెట్లు ఎక్కనివ్వరు. ఊళ్ళో ఉన్న ఒక్క దవాఖానా కూడా కవచం సంఖ్య చెబితేనే తలుపు తీస్తుంది.

హైమ నా వంక చూసింది. "మనకి కవచం ఎందుకు లేదో ఆ పుస్తకంలో రాసుకున్నావా?"

"రాశాను. మొదటి సంపుటం, పదమూడో పేజీ."

నిజంగానే రాశాను. మేం ఈ వరుసకు వచ్చిన ఏడు కవచం పత్రం పంపించారు. అందులో హైమ పుట్టిన సంవత్సరం ఒకటి తక్కువ వేశారు. తప్పుడు పత్రం మీద సంతకం పెట్టనని తిప్పి పంపాను. సరిచేసిన పత్రం వచ్చేసరికి పట్టిక మూసేశారు. మళ్ళీ తెరవలేదు. హైమ ఆ మాట ఎత్తడం తొమ్మిదేళ్ళలో ఇది మూడోసారి.

రోజు 104

మేఖలను తీసుకుని రేవు దగ్గర ప్రశ్నల గూటికి వెళ్ళాను. కవచం లేనివారు నౌక నుంచి నౌక వరకు, అంటే తొంభై రోజులకు, మూడు ప్రశ్నలు అడగవచ్చు. లోపల యంత్రం సమాధానం చెబుతుంది. మనిషిని చూడదు, వింటుంది అంతే.

"పదమూడేళ్ళ పిల్ల చేతిరాత ఎందుకు పాడవుతుంది?" అని అడిగాను.

"నిద్రలేమి, ఆసక్తి లేకపోవడం, చూపు మందగించడం సాధారణ కారణాలు. క్రమంగా సాధన చేయించండి," అంది.

"అంతేనా?" అన్నాను.

"అవును, అంతే. మీకు ఇక ఒక ప్రశ్న మిగిలింది."

లెక్కల టీచరునై ఉండి ఒక ప్రశ్నను 'అంతేనా' అనడానికి ఖర్చు పెట్టేశాను. మేఖల నవ్వు ఆపుకోబోయింది. ఆపుకోలేకపోయింది. చాలా రోజుల తర్వాత నవ్వింది కాబట్టి ఏమీ అనలేదు.

దారిలో మెట్టు దిగుతూ రెండుసార్లు తూలింది.

రోజు 112

చూపు మందగించడం అన్న మాట పట్టుకుని గవరమ్మ పడవలో కళ్ళజోళ్ళ జిలానీ దుకాణానికి బయల్దేరాం. గవరమ్మ మా వరుసలో ఇరవై ఏళ్ళుగా పడవ నడుపుతోంది.

"ఏటి టీచరమ్మా, గుంట అలా వొరిగిపోయి కూకుంది? ఒంట్లో బాగునేదా?"

"కళ్ళు."

"కళ్ళయితే ఒళ్ళెందుకు వొనుకుద్ది?"

మేఖలను నా భుజానికి ఆనించి కూర్చోబెట్టాను.

జిలానీ నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడు. పదిహేడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తప్పేవాడు. ఇప్పుడు వాడికి యాభై దాటాయి. మేఖల చేత గోడ మీది అంకెలు పైనుంచి కిందకి చదివించాడు. ఒక్కటీ తప్పలేదు.

"చూపు శుభ్రంగా ఉంది టీచరమ్మా. అద్దాలు అక్కర్లేదు." గడ్డం పట్టుకుని దాని మొహాన్ని వెలుతురు వైపు తిప్పాడు. తర్వాత పెద్ద భూతద్దం తెచ్చాడు. "మీరు ఒకసారి చూడండి."

చూశాను. నల్లగుడ్డు అంచు చుట్టూ సన్నటి వలయం. రాగి తీగ చుట్టినట్టు. రెండు కళ్ళలోనూ. పిల్లను రోజూ చూస్తూనే ఉన్నాను, ఇది చూడలేదు. దాని కాగితం వైపే చూశాను.

"ఇదేమిటి జిలానీ?"

"పేరు నాకు తెలియదు. ఉత్తరం వరుసలో ఒక పిల్లాడికి ఉండేది, ఏళ్ళ కిందట."

"వాడికేమైంది?"

అద్దం తుడిచి లోపల పెట్టాడు. "వాళ్ళకీ కవచం లేదు టీచరమ్మా. అద్దాలు చేయించుకోవడానికి మళ్ళీ రాలేదు. నేనూ కబురు చేయలేదు. చేయాల్సింది."

రోజు 113

ఉదయం మేఖలకు ఎప్పటిలాగే నా వాటాలో మొదటి చెంబు ఇచ్చాను. ఖాళీ చెంబు తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత ప్రశ్న తయారు చేసుకోవడానికి కూర్చున్నాను. ఐదుసార్లు రాసి నాలుగు కొట్టేశాను. గూటిలో తెర దగ్గర కాగితం చూసి చదివాను:

"పదమూడేళ్ళ అమ్మాయికి చేతివణుకు, మాట ముద్దగా రావడం, నడకలో తూలు, నల్లగుడ్డు చుట్టూ రాగిరంగు వలయం కలిసి ఉంటే అది ఏ జబ్బు, దాన్ని ఏ పరీక్షతో తేల్చుకోవాలి, కవచం లేనివారు వైద్యం ఎక్కడ పొందగలరో క్రమంగా చెప్పగలరా?"

యంత్రం చివరిదాకా విన్నది. తర్వాత క్రమంగానే చెప్పింది.

పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు. తిండిలో, నీళ్ళలో వచ్చే రాగిని ఒళ్ళు బయటికి పంపలేదు. అది కాలేయంలో, మెదడులో, కళ్ళలో పేరుకుంటుంది. వైద్యం ఉంది, జీవితాంతం చేయాలి. చేయకపోతే బతకరు. ఒక పగలు ఒక రాత్రి మూత్రమంతా పట్టి అందులో రాగి ఎంతో చూడాలి. పట్టే పాత్రకు రాగి తగలకూడదు. వైద్యనౌకలో 'అరుదు గది' అని ఒకటి ఉంది, దానికి కవచం అడగరు. మూడువందల రోజులకు తక్కువ కాకుండా ఇంట్లో రాసిన దినచర్య తెస్తే చాలు, లెక్క నికరంగా ఉండాలి. కొట్టివేతలు ఉండవచ్చు, చించివేతలు ఉండకూడదు.

"ధన్యవాదాలు," అన్నాను. అది ప్రశ్న కాదని ముందే ఆలోచించుకున్నాను.

ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. బిందె. చెంబులు. గ్లాసులు. గోడ వెంట గొట్టం. శుక్రవారం తోమినవి, ధగధగలాడుతున్నాయి.

నా వాటా తగ్గించుకుని మరీ పోశాను.

సాయంత్రం చెంబు ఇవ్వలేదు.

రోజు 115

రాగి తగలని నీళ్ళు కావాలి. హైమ బట్టీలో గాజు ముక్కు దగ్గరే, నీళ్ళు గొట్టంలోకి దిగకముందే పట్టుకొస్తానంది. మేస్త్రీని ఒప్పించింది. కానీ దేంట్లో పట్టడం?

ఊరగాయ రాగిలో పెడితే కిలుం పడుతుంది కాబట్టి మంచెలూరులో ప్రతి ఇంటికీ ఒక్క పింగాణీ జాడీ ఉంటుంది. మా జాడీలో ఆవకాయను పక్కింటివాళ్ళకి పంచేసి, వేడినీళ్ళతో ఆరుసార్లు కడిగాను. అయినా వాసన పోలేదు.

మేఖల ఒక గుక్క తాగి నా వైపు చూసింది. నెమ్మదిగా, ఒక్కో మాట కూడదీసుకుని అంది: "అమ్మమ్మా. ఈ నీళ్ళలోకి. వేడన్నం ఉందా?"

హైమ విరగబడి నవ్వింది. ఇంట్లో నవ్వులు ఎంతసేపు వినబడ్డాయో కొలవలేదు.

పీతలు, రొయ్యలు మానాలి. వాటిలో రాగి ఎక్కువట, నేను జబ్బు సంగతి కబురు చేస్తే జిలానీ ఏదో పాత పుస్తకంలో చూసి చెప్పి పంపాడు. "పీతల పులుసు కూడానా?" అని మేఖల మూడుసార్లు అడిగింది. కూడానే.

రోజు 119

పరీక్షకు ఇంకో జాడీ కావాలి. గవరమ్మను అడిగాను. దేనికో చెప్పేసరికి తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఊళ్ళో ఇన్ని కొంపలుండగా నా ఆవకాయ జాడీయే దొరికిందేటి టీచరమ్మా నీకు?"

"అన్నిటికంటే పెద్దది మీదే."

"మా అత్త ఇచ్చిన జాడీ అది."

"కడిగి తిరిగి ఇచ్చేస్తాను."

"బాబ్బాబు, తిరిగియ్యకు! ఇచ్చినావంటే సముద్రంలోకి ఇసిరేత్తాను." పడవ కట్టేసి ఇంట్లోకి వెళ్ళి, జాడీని చంటిపిల్లలా ఎత్తుకుని తెచ్చింది. "గుంట బాగుపడాల. బాగుపడ్డాక పెద్ద జాడీ కొనిమ్మను. దాని సేత్తోనే తేవాల."

రోజు 122

మూడువందల రోజుల దినచర్య. నా దగ్గర మూడువేలు దాటి ఉన్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది సంపుటాలు తీసి మధ్యాహ్నం చదవడం మొదలుపెట్టాను.

ఏడు 40, రోజు 151: 'చూచిరాత 6. అక్షరాల్లో వణుకు. హెచ్చరించాను.'

రోజు 170: '5. కావాలని చేస్తోంది. ఈతకు పంపలేదు.'

రోజు 204: '4. మందబుద్ధి లక్షణాలు. నాకే ఇలాంటి మనవరాలా.'

రోజు 230, రోజు 261, రోజు 300. అన్నీ ఎర్రసిరా. వరసగా చదువుతుంటే, తప్పుచేసిన పిల్ల గురించి కాదు, చెయ్యి ఆడక ఎవరికీ చెప్పుకోలేకపోయిన పిల్ల గురించి రాసినట్టు ఉంది. రాసింది నేను.

కూరగాయల కత్తి తెచ్చాను. రోజు 204 ఉన్న కాగితాన్ని కుట్టు దగ్గర మడిచాను. దాని వెనక వైపు నీళ్ళ లెక్క తప్ప వేరేమీ లేదు. ఒక్క కాగితం.

హైమ ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"మూడో నియమం ఏమిటమ్మా?" అంది.

"వాళ్ళు చదువుతారు హైమా. ఇది పరాయివాళ్ళు చదువుతారు."

"చదవనీ."

"నేను దాన్ని ఏమని రాశానో నీకు తెలియదు."

"తెలుసు. నువ్వు రేవుకు వెళ్ళినప్పుడల్లా చదువుతూనే ఉన్నాను. దానికీ తెలుసు." నా చేతిలోంచి కత్తి తీసుకుని వంటింట్లో పెట్టి వచ్చింది. "ఇప్పుడది నీ పుస్తకం కాదు. దాని పుస్తకం. ఒక్క కాగితం తగ్గినా దానికే తక్కువ."

మడత సరిచేసి, పైన బరువుకు తిరగలి రాయి పెట్టాను.

రోజు 125

నిన్న ఉదయం ఆరు నుంచి ఇవాళ ఉదయం ఆరు వరకు పట్టాం. ఎనిమిదిసార్లు. మొత్తం, జాడీలో మట్టం చూసి నా అంచనా ప్రకారం, గ్లాసులు నాలుగున్నర. మేఖల సిగ్గుపడి జాడీకి హైమ పాత చీర చుట్టింది.

రోజు 126

వైద్యనౌక ఉదయం 8:15కి రేవు చేరింది. గవరమ్మ పడవలో నేను, హైమ, మేఖల, మూడు సంపుటాలు, ఒక జాడీ.

మెట్ల దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు: "కవచం సంఖ్య?"

"లేదు. అరుదు గది."

అప్పుడు తల ఎత్తాడు. "దినచర్య ఎన్ని రోజులు?"

"ఎన్ని కావాలి?"

పుస్తకాల లావు చూసి దారి ఇచ్చాడు.

అరుదు గదిలో డాక్టరు పేరు నిస్సీ. ముప్పై అయిదేళ్ళుంటాయి. నవ్వని మనిషి. నాకు నచ్చింది. మేఖల కళ్ళలో దీపం వేసి చూసింది, చేతులు చాపించింది, గీత మీద నడిపించింది. జాడీలోంచి కాస్త తీసి యంత్రంలో పెట్టింది. ఇంకో యంత్రంతో కడుపు మీద చూసింది. తర్వాత పుస్తకాలు చదవడం మొదలుపెట్టింది. గంటా పది నిమిషాలు చదివింది. రోజు 204 దగ్గర ఆగింది. నేను నేల వైపు చూశాను.

"ఈ ఎర్రసిరా మీదేనా?"

"నాదే."

"మొదటి వణుకు ఏడు 40, రోజు 151. ఇవాళ్టికి మూడువందల నలభై రోజులు." ఏదో రాసుకుంది. "చేతివణుకు ఎప్పుడు మొదలైందని ఎవర్ని అడిగినా, అప్పట్నుంచో, ఇప్పట్నుంచో అంటారు. మొదలైన రోజు ఒక్కరూ చెప్పలేరు. ఇక్కడ రోజూ మార్కు వేసి ఉంది. జబ్బు ఎంత వేగంగా పెరిగిందో దీన్నుంచి గీత గీయవచ్చు. మందు ఎంత ఇవ్వాలో ఈ గీతే చెబుతుంది."

హైమ నా చెయ్యి పట్టుకుంది.

"జబ్బు అదే," అంది డాక్టర్ నిస్సీ. "సందేహం లేదు. కానీ ఒక చిక్కుంది. మీరు రోజుకు ఆరు చెంబుల రాగినీళ్ళు తాగించినట్టు రాశారు. ఇంత తాగిన పిల్లకు కాలేయం ఇంత బాగా ఉండదు. ఒంట్లో ఉన్న రాగికీ, మీ లెక్కకీ పొంతన లేదు."

"నా లెక్క తప్పదు," అన్నాను.

"ఎక్కడో తప్పింది. ఈ గదికి నికరమైన లెక్క ఒక్కటే కవచం. రాగి ఎంత లోపలికి వెళ్ళిందో తెలియకుండా నేను మందు కొలవలేను. తేడా తేలకపోతే చోటు ఇవ్వడం నా చేతుల్లో లేదు."

హైమ నా వైపు చూసింది. నేను పుస్తకం లాక్కుని పేజీలు తిప్పాను. మేఖలకు తన వాటా నాలుగు, అదనంగా ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. ప్రతిరోజూ రాసి ఉంది. కూడిక సరిపోయింది. మళ్ళీ కూడి చూశాను. సరిపోయింది. మూడోసారి వేలు పెట్టి కూడటం మొదలుపెట్టాను.

"అమ్మమ్మా," అంది మేఖల.

"ఉండవే."

"అమ్మమ్మా. కరివేపాకు."

గదిలో ఇంకెవరికీ అర్థం కాలేదు. దాని తర్వాతి మాటకు ఒక్క క్షణం ముందు నాకు అర్థమైంది.

"నువ్వు చెంబు ఇచ్చి లోపలికి వెళ్ళిపోతావు కదా," అంది మేఖల. ఏడుస్తూ, మాట మాటకీ ఆగుతూ చెప్పింది. "నీ వాటా నాకు ఇస్తున్నావని తెలుసు. కానీ ఎక్కువ తాగితే కడుపులో తిప్పేది. వాంతి వచ్చేది. చెబితే తిడతావని. సముద్రంలో పోస్తే నేరం కదా. అందుకని మొక్కకి పోసేదాన్ని. అది చచ్చిపోతే, ఇంకోదానికి."

మంచెలూరులో నీళ్ళు ఎక్కువై మొక్క చావడమన్నది ఎవరి ఊహకీ అందదు. నేను అర గ్లాసు పోస్తున్నానని రాసుకుంటూ, కారణం తెలియలేదని రాసుకుంటూ మూడు మొక్కలు పాతాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది డాక్టరు.

"మొదట్నుంచీ. మొదటి రోజు రెండూ తాగాను. తర్వాత తాగలేదు."

డాక్టర్ నిస్సీ నన్ను అడిగింది: "మొదటి రోజు ఎప్పుడు?"

"ఏడు 40, రోజు 89." పుస్తకం చూడక్కర్లేకపోయింది. "రోజు 113 ఉదయం చెంబుతో ఆపాను. మూడువందల ఎనభై తొమ్మిది రోజులు, రోజుకు రెండు, పైన ఒకటి. ఏడువందల డెబ్భై తొమ్మిది చెంబులు. రెండు తాగింది. ఏడువందల డెబ్భై ఏడు మొక్కలకు పోసింది."

డాక్టరు ఆ అంకె యంత్రంలో వేసింది. తెర మీద గీత కదిలి, ఇంకో గీత మీద కూర్చుంది. అప్పుడు మొదటిసారి నవ్వింది.

"సరిపోయింది," అంది. "అవి కూడా తాగి ఉంటే ఇవాళ నేను మీతో వేరే మాటలు మాట్లాడేదాన్ని. పాపా, నువ్వు చేసింది మంచిపని."

"నీళ్ళు పారబోయడం నేరం," అంది మేఖల.

"పారబోయలేదుగా. మొక్కకు పోశావు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వణుకు తగ్గుతుంది, మాట తేరుకుంటుంది, కొన్ని నెలలు పడుతుంది అంది డాక్టరు. కొద్దిగా మిగిలితే మిగలవచ్చు. మందు జీవితాంతం. ఒక్క పూట మానినా ప్రమాదం. ప్రతి నౌకకు మందులు ఇస్తారు, బదులుగా పుస్తకం నకలు తీసుకుంటారు. గది పట్టికలో మేఖల పేరు రాసింది. పుట్టిన సంవత్సరం సరిగ్గా ఉందో లేదో నన్ను చూడమంది. చూశాను. సరిగ్గా ఉంది. ఒకవేళ తప్పున్నా సంతకం పెట్టి ఉండేదాన్ని.

తర్వాత డాక్టరు దగ్గర ఎర్రసిరా కలం అడిగి తీసుకున్నాను. అక్కడే కూర్చుని, ఏడు 40, రోజు 90 నుంచి, అదనపు చెంబుల పక్కన 'తాగింది' అన్న ప్రతి మాటనూ ఒక్కొక్కటిగా కొట్టేశాను. కింద మాట కనబడేలా. పక్కన 'చూడకుండా రాశాను' అని రాసి సంతకం పెట్టాను. సగం అయ్యేసరికి నౌక గంట కొట్టారు. మిగతాది ఇంట్లో పూర్తి చేశాను.

రోజు 127

నీళ్ళు 5:30. పన్నెండు చెంబులు. మేఖలకు నాలుగు, బట్టీ జాడీలోంచి. నాకు నాలుగు. ఇన్నాళ్ళూ జాడీలు కడగడానికి పోయిన రెండూ ఇవాళ మిగిలాయి, నాలుగూ నేనే తాగాను. ఇన్ని నీళ్ళు తాగి ఏడాది దాటింది. కడుపు నిండుగా ఉంది.

మొదటి మాత్ర ఉదయం 6:00, తిండికి గంట ముందు. నా కళ్ళెదుట మింగింది. నోరు తెరిపించి చూశాను. "నాలుక కింద కూడా చూడు," అని ఎత్తి చూపించింది.

రోజు 133

శనివారం. కచేరీ మనిషి వచ్చాడు. నీళ్ళ బిందె చోట పింగాణీ జాడీ చూసి ఇదేమిటన్నాడు. డాక్టరు ఉత్తరం ఇచ్చాను. రెండుసార్లు చదివి, మెరుపు గడిలో ఏం రాయాలో తెలియక నన్నే అడిగాడు.

"మసక అని రాసుకోండి," అన్నాను.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఏమీ అనిపించలేదు.

రోజు 149

మేఖల చెయ్యి ఇంకా ఎక్కువ వణుకుతోంది. ఇవాళ ముద్ద నోటిదాకా తేలేకపోయింది. మందు మొదట్లో ఇలా జరగవచ్చని డాక్టరు ముందే రాసిచ్చింది. ఆ కాగితం హైమకు మూడుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారి నాకోసం చదువుకున్నాను. మేఖలకు నేనే తినిపించాను. చూచిరాత లేదు.

రోజు 171

మెట్లు తూలకుండా దిగింది. పదిహేడు మెట్లు. నేను కిందే నిలబడి లెక్కపెట్టాను.

రోజు 216

రెండో నౌక. రాగి సగానికి తగ్గింది. డాక్టర్ నిస్సీ పుస్తకం తిరగేసి, ఈ తొంభై రోజుల్లో ఒక్క మాత్ర కూడా తప్పలేదని పక్కనున్న చిన్న డాక్టర్లకు చూపించింది. ఉత్తరం వరుసలో ఇలాంటి పిల్లలు ఇంకా ఉండవచ్చని నేను చెప్పాను. జిలానీ పేరు ఇచ్చాను. ఎవరి కళ్ళలోనైనా వలయం కనిపిస్తే ఇకమీదట వాడు కబురు చేస్తాడు. దినచర్య ఎలా రాయాలో ఆ ఇళ్ళవాళ్ళకి నేను నేర్పుతాను. ఎర్రసిరా లేకుండా.

ఏడు 42, రోజు 61

నీళ్ళు 5:30. ఆలస్యం లేదు. పన్నెండు చెంబులు.

మాత్రలు ఆర్నెల్ల తర్వాత మార్చారు. ఇప్పుడు జింకు మాత్ర, రోజుకు మూడు. మూడూ వేళకు వేసుకుంది.

మాట దాదాపు ముందులా వస్తోంది. తొందరపడితే తడబడుతుంది, తొందరపడవద్దంటే వినదు. చెయ్యి కాస్త వణుకుతుంది, సూదిలో దారం ఎక్కదు. గవరమ్మకు కొత్త జాడీ తన చేత్తోనే మోసుకెళ్ళి ఇచ్చింది. గవరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇందులో ఏటీ పొయ్యలేదు కదా అని ఒట్టు వేయించుకుంది.

చూచిరాత, నల్లసిరా: పదికి ఏడు. ఎనిమిది ఇవ్వమని బేరమాడింది. ఇవ్వలేదు.

నాలుగో కరివేపాకు మొక్కకు పదకొండు కొత్త ఆకులు.

మొక్కకు నీళ్ళు: అర గ్లాసు. మేఖల పోశానంది. నేను చూడలేదు. రాశాను.